ఊళ్లో ఓటు బెదిరింపులను రికార్డుకెక్కించడం ఎలా

పోలింగ్ రోజు కర్రలు లేస్తే అందరికీ కనబడుతుంది. కానీ రౌడీమూకల అసలు పని అంతకు రెండు మూడు వారాల ముందే అయిపోతుంది. పెన్నా ఒడ్డున ఇసుక తోలే ఊరైనా, చీమకుర్తి క్వారీల పక్క ఊరైనా, కూలి ఇచ్చేవాడూ అప్పు ఇచ్చినవాడూ మనుషుల్ని దించేవాడూ ఒకడే అయితే కొట్టాల్సిన పని కూడా ఉండదు. ‘మీ కాలనీ ఓట్లు ఎటు పడ్డాయో మాకు తెలుస్తుంది’ అంటే చాలు. ఇందులో సగమే నిజం: బూత్‌వారీ లెక్క బయటికొస్తుంది, ఎవరి ఓటు ఎటు పడిందో రాదు. ఈ సంగతి ఇంటింటికీ ముందుగా చెప్పాలి.

ఎన్నికల షెడ్యూలు రాగానే సెక్టార్ అధికారి (కొన్ని పోలింగ్ కేంద్రాలను చూసుకునే అధికారి), బీఎల్వో (బూత్ స్థాయి అధికారి) బెదిరింపులున్న వాడల వివరాలు సేకరిస్తారు. ‘మా ఊళ్లో గొడవలుంటాయి’ అని రాసిస్తే అది ఫైల్లోనే ఉండిపోతుంది. పోలింగ్ కేంద్రం నంబరు, వీధి, ఎన్ని ఇళ్లు, బెదిరించిన వాళ్ల పేర్లు, తేదీ, అన్న మాటలు రాయండి. ఒక్కరి సంతకంతో ఇస్తే కక్ష ఆ ఒక్కరి మీదికే మళ్లుతుంది, అందుకని వాడంతా కలిసి సంతకం పెట్టండి. ఒక ప్రతి నియోజకవర్గం ఎన్నిక నడిపే రిటర్నింగ్ అధికారికి, ఒకటి ఎస్సైకి ఇచ్చి, మీ ప్రతి మీద ముద్ర వేయించుకోండి. బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 126 కింద తహసీల్దారు ముందు బైండోవర్ చేయించడానికి, అంటే గొడవ చేయమని పూచీకత్తు రాయించుకోవడానికి, ఈ పేర్లే ఆధారం.

ఎన్నికల సంఘం ఫిర్యాదుల యాప్ సీవిజిల్‌లో ఫోటో గానీ రెండు నిమిషాల వీడియో గానీ యాప్‌లోనే తీయాలి. వాట్సాప్‌లో వచ్చినదీ గ్యాలరీలో ఉన్నదీ తీసుకోదు. ఎక్కువ ఫిర్యాదులు ఆగిపోయేది ఇక్కడే. పేరు చెప్పకుండా పంపొచ్చు, కానీ అప్పుడు దాని స్థితి తెలుసుకోలేరు. వంద నిమిషాల్లో తేల్చాలన్నది నియమం. పంచాయతీ ఎన్నికలకు ఈ యాప్ లేదు. అవి రాష్ట్ర ఎన్నికల సంఘం కింద జరుగుతాయి కాబట్టి కలెక్టరుకు రాతపూర్వకంగా ఇవ్వాలి.

ఏడింటికి పోలింగైతే అయిదున్నరకు మాక్ పోల్, అంటే యంత్రాన్ని పరీక్షించే ఉత్తుత్తి ఓటింగ్. అభ్యర్థి తరఫున బూత్‌లో కూర్చునే ఏజెంటు అప్పటికే లోపల ఉండాలి. ఏజెంట్లను దారిలో ఆపేయడం పాత ఎత్తే, అందుకే బదులు ఏజెంటు పేరు కూడా సిద్ధంగా ఉంచుకోండి. మూక లోపలికి చొరబడితే బూత్‌ను నడిపే ప్రిసైడింగ్ అధికారి తన దగ్గరుండే కంట్రోల్ యూనిట్‌లో క్లోజ్ బటన్ నొక్కి, ఓటరు మీట నొక్కే బ్యాలెట్ యూనిట్‌ను విడదీయాలి. కంగారులో ఇది మరిచిపోతారు, ఏజెంటే గుర్తుచేయాలి. యంత్రం నిమిషానికి నాలుగైదు ఓట్లకు మించి తీసుకోదు, కాబట్టి వెంటనే మూస్తే నష్టం కొద్దిపాటితో ఆగుతుంది. జరిగింది ప్రిసైడింగ్ అధికారి డైరీలో రాయించి, ఆ రోజే రిటర్నింగ్ అధికారికీ పరిశీలకుడికీ ఫిర్యాదు ఇవ్వండి. రీపోలింగ్ కోరడానికి అదే బలం. సాయంత్రం 17సీ (బూత్‌లో పోలైన ఓట్ల లెక్క రాసే ఫారం) ప్రతి తీసుకోకుండా కదలొద్దు.

మీరు వెళ్లేసరికి మీ ఓటు ఎవరో వేసేసి ఉంటే టెండర్ ఓటు అడగండి, బ్యాలెట్ కాగితం ఇస్తారు. అది మామూలు లెక్కింపులో చేరదు గానీ కోర్టులో సాక్ష్యంగా నిలుస్తుంది.