లాగ్‌బుక్కు పేజీకి అక్కడికక్కడే ఫోటో

బేగంపేటలోనో నాదర్‌గుల్‌లోనో సొంతంగా చిన్న విమానం పెట్టుకున్నవాళ్లకి ఒక మాట. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం తెచ్చుకునే ఏఆర్‌సీ, అంటే విమానం ఎగరడానికి తగినట్టే ఉందని సమీక్షించి ఇచ్చే పత్రం, ఏడాదికే చెల్లుతుంది. గడువు మూడు నెలలుండగానే కాగితాలు ముందేసుకుని కూర్చోండి.

ముందు తీయాల్సింది ఏడీల జాబితా. ఏడీ అంటే భద్రత కోసం తప్పనిసరిగా ఫలానా పని చేయించాలని వచ్చే ఆదేశం. చాలామంది విమానం బాడీకి వచ్చినవి చూసి ఆపేస్తారు. ఇంజిన్‌కి, ప్రొపెల్లర్‌కి, ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో లాంటి పరికరాలకి కూడా విడిగా వస్తాయి. ఒక్కో ఏడీకి ఎదురుగా ‘చేశాం’ అని రాస్తే సరిపోదు. ఏ తేదీన, ఎన్ని గంటలు ఎగిరాక, ఏ పద్ధతిలో చేశారో ఉండాలి. మళ్లీ మళ్లీ చేయాల్సిందైతే తర్వాతి గడువు కూడా రాయించాలి.

విడిభాగం కొంటే అది వాడకానికి పనికొస్తుందని చెప్పే విడుదల పత్రం, సీఏ ఫారం 1 గానీ దానికి సమానమైనది గానీ, డబ్బాతోపాటే అడిగి తీసుకోండి. ఒకసారి అమ్మినవాళ్లు నాతో “తర్వాత పంపిస్తాం సార్” అన్నారు. ఆ పత్రం లేక కొత్త మాగ్నెటో బీరువాలో, విమానం హ్యాంగర్‌లో, నేను ఫోన్ పట్టుకుని టెన్షన్‌లో... మూడు వారాలు గడిచాయి.

పని ముగిసి ఏఎంఈ (విమాన నిర్వహణ ఇంజినీరు) సీఆర్‌ఎస్ మీద, అంటే పని సరిగ్గా అయిందనే ధ్రువీకరణ మీద, సంతకం పెట్టగానే లైసెన్స్ నంబరు, తేదీ, గంటలు సరిచూసుకుని లాగ్‌బుక్కులో ఆ పేజీని అక్కడే ఫోటో తీయండి. మొహమాటం వద్దు. అన్నట్టు, అసలు లాగ్‌బుక్కుల్ని కారు డిక్కీలో తిప్పేవాళ్లూ ఉన్నారు. వానాకాలంలో మూసారాంబాగ్ దగ్గర నీళ్లలో చిక్కుకుంటే కారు ఎలాగోలా బాగవుతుంది, ఆ పుస్తకాలు బాగవ్వవు.