నెలఖర్చు తగ్గించుకుని ఉద్యోగం నుంచి ముందే తప్పుకోవడం ఎలా

హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్న దంపతులు యాభై ఏళ్లలోపే పూర్తికాలపు కొలువు మానుకోవాలనుకుంటే లెక్క మొదలుపెట్టవలసింది నెలఖర్చు దగ్గర. దాచిన సొమ్ము మీద బతకడానికి ఎంత నిధి కావాలో తేల్చేది ఆ ఖర్చే. అమెరికాలో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు 1994లో అక్కడి మార్కెట్ల పాత లెక్కలన్నీ తిరగేసి, మొదటి ఏడాది నిధిలో 4 శాతం తీసుకుని, ఆపైన ధరలు పెరిగినంత మేరకు పెంచుకుంటూ పోయినా 30 ఏళ్లపాటు డబ్బు అయిపోదని తేల్చాడు. అంటే ఏడాది ఖర్చుకు 25 రెట్లు చేతిలో ఉండాలి. ఈ లెక్కను మన దగ్గర ఉన్నదున్నట్టు వాడటం తొందరపాటే అవుతుంది. రిజర్వు బ్యాంకు పెట్టుకున్న ద్రవ్యోల్బణ లక్ష్యమే 4 శాతం, అది 6 శాతానికి చేరినా హద్దు దాటనట్టే లెక్క. పైగా 45 ఏళ్లకు మానేసిన మనిషి మరో నలభై అయిదేళ్లకు సరిపడా చూసుకోవాలి. కాబట్టి 30 రెట్లకు తగ్గకూడదన్నది నా అభిప్రాయం.

30 రెట్లు అనుకుంటే, నెలకు వెయ్యి రూపాయల ఖర్చు వెనుక 3 లక్షల 60 వేల రూపాయల నిధి నిలబడి ఉండాలి. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు, ఏ ఖర్చు ఎంత బరువో వెంటనే తెలుస్తుంది. నెలకు 60 వేలు ఖర్చయ్యే ఇంటికి 2 కోట్ల 16 లక్షలు కావాలి, 45 వేలతో గడిచే ఇంటికి 1 కోటి 62 లక్షలు సరిపోతాయి. తగ్గించిన 15 వేలు ప్రతి నెలా పొదుపులో చేరతాయి కనుక ఒకవైపు గమ్యం దగ్గరవుతుంది, మరోవైపు నడక వేగం పెరుగుతుంది. పెట్టుబడి మీద ధరల పెరుగుదల పోను ఏటా 3 శాతం మిగులుతుందనుకుంటే, చేతికొచ్చే ఆదాయంలో 30 శాతం దాచేవారికి ఈ నిధి కూడటానికి 38 ఏళ్లు, సగం దాచేవారికి 22 ఏళ్ల లోపు, 60 శాతం దాచేవారికి 16 ఏళ్లు పడుతుంది. జీతం ఎంతైనా ఈ ఏళ్ల లెక్క మారదు.

మొదటి పని, గడిచిన పన్నెండు నెలల ఖర్చును కాగితం మీద పెట్టడం. బ్యాంకు స్టేట్‌మెంటు, యూపీఐ చెల్లింపుల జాబితా దగ్గర పెట్టుకుంటే ఒక ఆదివారం పూటలో తేలిపోతుంది. ఒక్క నెల లెక్క చూసుకుని సరిపెట్టుకుంటే మోసపోతాం, ఎందుకంటే ఇంటిని ముంచే ఖర్చులు నెలనెలా కనిపించవు: జూన్‌లో స్కూలు ఫీజు, ఏడాదికోసారి వాహన బీమా, సంక్రాంతికి ఊరికి వెళ్లిరావడం, శ్రావణంలో పెళ్లిళ్లు. వీటన్నిటినీ కూడి పన్నెండుతో భాగిస్తేనే అసలు నెలఖర్చు బయటపడుతుంది. ఆ జాబితాను రెండుగా విడదీయాలి. బియ్యం, కరెంటు, అద్దె, మందులు జీవితాంతం ఉండేవి కనుక వాటిని 30తో హెచ్చవేయాలి. పిల్లల చదువు, ఇంటి అప్పు ఒకనాటికి ముగిసేవి. వాటికి ఎన్నేళ్లు మిగిలాయో అంత సొమ్ము విడిగా పెట్టుకుంటే చాలు. ఈ తేడా చూడక అన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్లే చాలామంది అయిదు కోట్లు కావాలని భయపడి ప్రయత్నమే విరమించుకుంటారు.

తగ్గింపు ఇంటి నుంచే మొదలవ్వాలి, ఎందుకంటే పెద్ద మొత్తం అక్కడే ఉంది. కొండాపూర్ వైపు గేటెడ్ కమ్యూనిటీలో అద్దె 40 వేలు, చదరపు అడుగుల లెక్కన వేసే మెయింటెనెన్స్ 6 వేలు అనుకుందాం. హైటెక్ సిటీలో పనిచేసేవారికి ఉప్పల్, హబ్సిగూడ, తార్నాకల నుంచి రాయదుర్గం దాకా రైలు మారనక్కరలేని మెట్రో ఉంది. ఆ దారిలో స్టేషనుకు నడిచి వెళ్లగల దూరంలో, క్లబ్‌హౌసూ ఈతకొలనూ లేని మామూలు అపార్ట్‌మెంటులో అంతా కలిపి 24 వేలకు ఇల్లు దొరికితే, నెలకు 22 వేల తేడా వస్తుంది. పైన చెప్పిన లెక్కన అది 79 లక్షల నిధితో సమానం. ప్రయాణానికి అదనంగా పోయే సమయం నిజమే, అయితే అది ఉద్యోగం ఉన్నన్నాళ్లే. ఇటువంటి ఇల్లు చూసేటప్పుడు ఏప్రిల్, మే నెలల్లో బోరు పనిచేస్తుందా, కిందటి వేసవిలో ఎన్ని నీళ్ల ట్యాంకర్లు తెప్పించారు, ఆ డబ్బు ఎవరు కట్టారు అన్నవి వాచ్‌మన్‌ను అడిగి తెలుసుకోవాలి. యజమాని మాట కంటే అతని మాట నమ్మదగింది. లిఫ్టుకు జనరేటరు ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

సొంత ఇల్లు కొనాలా అన్న ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు ఉండదు, కానీ లెక్క చూడకుండా కొనడం మాత్రం తప్పు. 80 లక్షల అప్పును 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకుంటే నెలవాయిదా 69 వేల పైచిలుకు పడుతుంది. మొత్తం మీద కట్టేది 1 కోటి 66 లక్షలు దాటుతుంది. అదే ఫ్లాటు అద్దెకు అందులో సగం కంటే తక్కువకే దొరుకుతుంటే, ముందే తప్పుకోవాలనుకునేవారు ఉద్యోగం ఉన్నన్నాళ్లు అద్దెకు ఉండి, ఆ తర్వాత కాకినాడలోనో, హనుమకొండలోనో, సొంత ఊరికి దగ్గరలోనో చిన్న ఇల్లు చూసుకోవడం మేలు. చిన్న ఊళ్లలో అద్దె తగ్గుతుంది, పాలు కూరగాయలు కాస్త చవక. అయితే బంధువులు దగ్గరవుతారు కనుక శుభకార్యాల ఖర్చు పెరుగుతుంది. ఇది ఎవరూ లెక్కలో వేసుకోరు.

ఆ తర్వాత వాహనం. 10 లక్షల కారు అప్పు 9 శాతానికి, అయిదేళ్లకు తీసుకుంటే వాయిదాయే నెలకు 20,758 రూపాయలు. పెట్రోలు, బీమా, సర్వీసింగు వేరే. ఇంటికి ఒక్క కారు అవసరమేమో గానీ, రెండోది దాదాపు ఎప్పుడూ అనవసరమే. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకూ అది వర్తిస్తుంది కనుక ఆఫీసు దారిలో బస్సు ఉన్న ఇల్లాలికి ప్రయాణ ఖర్చు సున్నా అవుతుంది.

శుభకార్యాల విషయంలో కాస్త ఆగి మాట్లాడుకోవాలి, ఎందుకంటే తెలుగు ఇళ్లలో పొదుపు చిల్లుపడేది ఇక్కడే. గృహప్రవేశాలు, ఓణీల వేడుకలు, సీమంతాలు, పెళ్లిళ్లు కలిపితే ఏడాదిలో ఎంత పోయిందో ఎవరికీ గుర్తుండదు. మీ పెళ్లినాటి చదివింపుల పుస్తకం తీసి, ఎవరెంత చదివించారో చూసి, దానికి కొంత కలిపి తిరిగి చదివించాలి; మొహమాటంతో రెట్టింపు చదివిస్తే వాళ్లూ అంతే తిరిగి ఇవ్వవలసి వచ్చి ఇద్దరికీ బరువవుతుంది. ఏడాదికి ఇంతని ఒక మొత్తం అనుకుని విడి ఖాతాలో వేసి, అందులోంచే ఇవ్వాలి. మన ఇంట్లో జరిగేవాటిని పెద్ద ఫంక్షన్ హాలు నుంచి గుడి ప్రాంగణానికి మార్చుకోవచ్చు. అన్నవరంలో సత్యనారాయణ వ్రతం చేసుకుని దగ్గరివాళ్లతో భోజనం చేసి వస్తే తక్కువ చేశారని ఎవరూ అనరు. బంగారం కొనాలంటే నాణెమో బిస్కెట్టో కొనుక్కోవాలి. నగలకు 3 శాతం జీఎస్టీకి తోడు తరుగు, మజూరీ పేరుతో పోయిన సొమ్ము అమ్మేటప్పుడు తిరిగి రాదు.

వంటింట్లో మిగిలేది తక్కువే. పాత బియ్యం బస్తాల లెక్కన కొనడం, నూనె, పప్పులు నెలకోసారి తెచ్చుకోవడం, యాప్‌లో ఆర్డరిచ్చే భోజనాన్ని వారానికి ఒక పూటకు పరిమితం చేయడం వరకూ చాలు. బస్తాలు 26 కిలోలవి ఎందుకున్నాయంటే, 2022 జూలై నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడుతుంది, ఆపైన పడదు. రోజూ ఇరవై రూపాయల చాయ్ కూడా లెక్కన చూస్తే రెండు లక్షల పైచిలుకు నిధే, అయినా దాన్ని మానమని నేను చెప్పను. ఖాళీగా కూర్చుని చాయ్ తాగడానికే కదా ఈ తాపత్రయమంతా. తల్లిదండ్రులకు పంపే డబ్బు, పండ్లు, పళ్ల డాక్టరు ఫీజు తగ్గించడం పొదుపు కిందికి రాదు.

పూర్తిగా మానేసేదాకా ఆగకుండా మధ్యలోనే పని తగ్గించుకోవచ్చు. నెలకు 60 వేల ఖర్చులో 30 వేలు పాఠాలు చెప్పడం ద్వారానో, వారానికి మూడు రోజుల కాంట్రాక్టు పని ద్వారానో వస్తుంటే, మిగిలిన 30 వేలకు 1 కోటి 8 లక్షల నిధి సరిపోతుంది. అయితే ఆ పని చేయగలిగినన్నాళ్లే ఈ లెక్క చెల్లుతుంది కనుక నిధి వెనక కొంత పెరుగుతూనే ఉండాలి. పన్ను విధానం కూడా ఇందుకు అనుకూలంగా ఉంది. 2025-26 నుంచి అమలైన కొత్త విధానంలో 24 లక్షల జీతానికి దాదాపు 2 లక్షల 92 వేల పన్ను పడుతుంది, 12 లక్షల జీతానికి ఏమీ పడదు. అంటే పని సగానికి తగ్గించినవారికి చేతికొచ్చే సొమ్ము సగానికి కాదు, 57 శాతానికి తగ్గుతుంది.

నిధిని ఎక్కడ ఉంచాలన్నది విడిగా రాయవలసిన విషయం. ఇక్కడికి రెండు మాటలు. రెండు మూడేళ్ల ఖర్చు బ్యాంకు డిపాజిట్లలో ఉండాలి, ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే బీమా ఉంటుంది కనుక దాన్ని రెండు మూడు చోట్ల పంచాలి; మిగతాదాన్ని ప్రభుత్వ దీర్ఘకాలపు పొదుపు ఖాతా అయిన పీపీఎఫ్, మార్కెట్ సూచీలోని షేర్లన్నిటిలో పెట్టే ఇండెక్స్ ఫండ్ల మధ్య విభజించుకోవాలి. రిజిస్టరైన చీటీలోనైనా నిర్వాహకుడికి 7 శాతం దాకా కమీషను చట్టమే అనుమతించింది కాబట్టి దీర్ఘకాలపు పొదుపుకు చీటీ పనికిరాదు.

రాజీనామాకు మూడేళ్ల ముందే చేయవలసిన పని సొంత ఆరోగ్య బీమా తీసుకోవడం. కంపెనీ ఇచ్చే బీమా ఉద్యోగంతోనే పోతుంది. అప్పటికే ఉన్న షుగరు, బీపీలకు కొత్త పాలసీలో గరిష్ఠంగా మూడేళ్ల నిరీక్షణ ఉండవచ్చు, కనుక ఆ గడువు ఉద్యోగం ఉండగానే గడిచిపోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు. పీఎఫ్ పింఛనుకు పదేళ్ల సర్వీసు అవసరం. తొమ్మిదేళ్ల దగ్గర మానేయాలనుకునేవారు ఇంకొన్నాళ్లు ఆగడం మేలు. ఆ పింఛను 50 ఏళ్ల నుంచే తీసుకోవచ్చు గానీ, 58కి ముందు తీసుకున్న ప్రతి ఏడాదికీ 4 శాతం చొప్పున తగ్గుతుంది.

చివరగా, తప్పుకునే ముందు ఏడాది పొడవునా అనుకున్న ఖర్చులోనే బతికి చూడాలి. జీతం వచ్చిన రోజునే మిగతాదంతా పెట్టుబడి ఖాతాకు పంపేసి, అనుకున్న మొత్తమే ఇంటి ఖాతాలో ఉంచాలి. ఏడాది గడిచేసరికి లెక్క మించిపోయిందనుకోండి, తీసిపడేయగలిగిన ఖర్చు ఇంకా ఉందా అని చూడాలి. లేకపోతే పెరిగిన మొత్తాన్నే అసలు ఖర్చుగా తీసుకుని, రాజీనామాను మరికొన్నాళ్లు వాయిదా వేయాలి. తేదీ దగ్గరపడిందన్న ఆత్రంతో 30 రెట్లను 25కు దించడానికి మాత్రం ఒప్పుకోకూడదు.