నీలం తీగ కలిపాక రేడియో పలికింది

పాత కారుకి కొత్త స్టీరియో పెట్టించాను. పాటలు బాగానే వచ్చాయి కానీ రేడియో అంతా గరగర. హైదరాబాద్ నడిబొడ్డున కూడా 101.9 రెయిన్‌బో సరిగ్గా అందలేదు. పొద్దున్నే రేడియో లేకపోతే నాకు ఏమీ తోచదు. యాంటెన్నా పోయిందనుకున్నాను.

స్టీరియో బయటికి లాగి చూస్తే, వెనక ఒక నీలం తీగ దేనికీ కలపకుండా, చివర టేపు చుట్టి వేలాడుతోంది. మా కారు పైకప్పు మీది పొట్టి యాంటెన్నా అడుగున, సిగ్నల్ బలాన్ని పెంచే చిన్న యాంప్లిఫయర్ ఉంది. దానికి 12 వోల్టులు అందాల్సింది ఆ తీగలోంచే! బ్యాటరీ నెగెటివ్ తీసేసి, యాంటెన్నా కరెంటు తీగకి దాన్ని కలిపాను. (నీలం మీద తెల్లచార ఉన్నది వేరు, అది స్పీకర్ల యాంప్లిఫయర్‌ది.) యాంటెన్నా పిన్ను కూడా టక్కుమనేదాకా నొక్కాను.

ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు మీద కూడా మాట స్పష్టంగా వినిపిస్తోంది. డాష్‌క్యామ్ ఛార్జర్ పెడితే మాత్రం కాస్త బుసబుస వస్తోంది, దాన్ని మార్చాలి.