సిగ్నల్ పటం చదవడం నేర్చుకుందాం - 4వ పాఠం: బాణాన్ని నమ్మే ముందు

పోయిన పాఠంలో బాణం గుర్తుకు (ఇది దాన్ని నడిపిస్తుంది), అడ్డగీతకు (ఇది దాన్ని ఆపుతుంది) తేడా చూశాం. ఈసారి నాడీకణం తనను తాను చంపుకునే దారిని గీద్దాం. పెన్సిల్ దగ్గర పెట్టుకోండి.

ముందు కణాన్ని చూడండి. అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల మెడ నుంచి తీసిన సింపథెటిక్ నాడీకణాలను (గుండె, రక్తనాళాల వంటివాటిని మన ప్రమేయం లేకుండా నడిపే నాడులవి) డిష్‌లో పెంచుతారు. అవి బతకాలంటే ఎన్‌జీఎఫ్ (నర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్) అనే ప్రోటీన్ ఉండాలి. రీటా లెవీ మోంటాల్చీనీ కనిపెట్టింది దీన్నే. స్టాన్లీ కోహెన్‌తో కలిసి 1986లో నోబెల్ అందుకున్నారు. ఎన్‌జీఎఫ్ తీసేస్తే కణం పోగులు పూసల్లా ఉబ్బి తెగిపోతాయి, కణం ముడుచుకుపోతుంది. రెండు రోజుల్లో చాలావరకు చనిపోతాయి. తొలి గంటల్లోనే మళ్లీ పోస్తే మాత్రం కోలుకుంటాయి. ఆ కాసేపట్లో లోపల ఏం జరుగుతుందన్నదే మన పటం.

గీయండి: డీఎల్‌కే, దాని కింద ఎంకేకే4, ఎంకేకే7, వాటి కింద జేఎన్‌కే. అన్నీ కైనేజ్‌లే, అంటే ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్‌లు. పైది కిందిదానికి తగిలించి దాన్ని ఆన్ చేస్తుంది. జేఎన్‌కే వెళ్లి సీ-జున్‌కు తగిలిస్తుంది. సీ-జున్ జన్యువులను ఆన్ చేసి బిమ్ లాంటి, కణాన్ని చావు వైపు నెట్టే ప్రోటీన్లు తయారు చేయిస్తుంది. ఆపైన మైటోకాండ్రియా నుంచి సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ బయటికొస్తుంది, ప్రోటీన్లను కోసేసే కాస్పేజ్ ఎంజైమ్‌లు పని ముగిస్తాయి.

ఇప్పుడు ఒక్కో బాణాన్ని అడగండి: నువ్వు చావుతో పాటు కనిపించావా, లేక నిన్ను ఆపితే చావు ఆగిందా? చావింటి ముందు డప్పు మోగుతుంది. మనిషి పోయింది డప్పు వల్ల కాదు.

1997లో జేఎన్‌కే3 (జేఎన్‌కేలలో ఒక రకం) జన్యువు తీసేసిన ఎలుకలకు ఫిట్స్ తెప్పించి నాడీకణాలను చంపే కైనిక్ యాసిడ్ ఇస్తే, మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగంలో కణాలు చనిపోలేదు. 1999లో ఇంకా నాజూకైన పని చేశారు: సీ-జున్‌లో ఫాస్ఫేట్ తగిలే 63, 73 స్థానాల్లోని సెరీన్లను అలనీన్లుగా (రెండూ ప్రోటీన్‌ను కట్టే అమైనో ఆమ్లాలే, అలనీన్‌కు ఫాస్ఫేట్ తగలదు) మార్చారు, అంతే. అప్పుడూ కణాలు నిలిచాయి. కానీ తొందరపడకండి. ఈ ఎలుకలకు ఫిట్స్ కూడా తక్కువే వచ్చాయి. మరి కణాలు బతికింది దేనివల్ల? అందుకే డిష్ అవసరం. అక్కడ ఫిట్స్ గొడవ లేదు, అయినా సీ-జున్‌ను అడ్డుకుంటే ఎన్‌జీఎఫ్ లేని కణాలు బతికాయి. ఈ రెండు రకాల సాక్ష్యం కలిస్తేనే నేను ఆ బాణాన్ని ముదురుగా గీస్తాను.

మనుషుల మాట వేరు. జేఎన్‌కేకు పైనున్న కైనేజ్‌లను ఆపే సీఈపీ-1347 మందును 800 మందికి పైగా పార్కిన్సన్స్ రోగులున్న ట్రయల్‌లో, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చి, పోల్చి చూశారు. జబ్బు ముదరడం ఆగలేదు. ఎంతో ఆశ పెట్టుకున్న మందు అది.

ఇంటిపని: ప్రతి బాణం పక్కన డిష్‌లో తేలితే 'డి', ఎలుకలో తేలితే 'ఎ', మనిషిలో తేలితే 'మ' రాయండి. ఈ పాఠంతో 'మ' రాయగల బాణం ఒక్కటీ దొరకదు. ఆ చోటు ఖాళీగానే ఉంచండి, వచ్చే పాఠంలో పెర్క్ అనే మరో కైనేజ్ దారి గీసేటప్పుడు ఈ కాగితమే కావాలి.