దగ్గితే చుక్క పడుతోందా? పొట్ట సంగతి తర్వాత చూద్దాం

మా క్లినిక్‌కి వచ్చే బాలింతలు ముందుగా అడిగేది ఒకటే: "మేడమ్, పొట్ట ఎప్పుడు తగ్గుతుంది?" నేను మాత్రం, దగ్గినా తుమ్మినా మూత్రం చుక్క పడుతోందా అని అడుగుతాను. అమ్మాయి పక్కనున్న తల్లి వైపు చూసి తలూపుతుంది. "పిల్లల్ని కన్నాక మామూలే కదమ్మా" అంటుంది ఆవిడ. చాలామందికి వచ్చే మాట నిజమే, కానీ భరిస్తూ కూర్చోవాల్సింది కాదు. నా రెండో కాన్పు తర్వాత నాకూ వచ్చింది. ఫిజియోథెరపిస్టునై ఉండీ ఆరు నెలలు ఎవరికీ చెప్పుకోలేకపోయాను. అందుకే ఇంత విడమరిచి రాస్తున్నాను.

దీనికి మందు కింది కండరాల వ్యాయామం, అంటే మూత్రసంచినీ గర్భసంచినీ కింద నుంచి మోసే కండరాలకు చేసేది. గర్భంతో ఉన్నప్పుడే మొదలుపెట్టండి. మూత్రాన్నీ గ్యాస్‌నీ ఒకేసారి ఆపుకుంటున్నట్టు ఆ కండరాలను బిగించి లోపలికి, పైకి లాగాలి. పిరుదులు, తొడలు బిగుసుకోకూడదు, ఊపిరి ఆగకూడదు. మొదట్లో మూడు నాలుగు సెకన్లే నిలుస్తుంది, మెల్లగా పదికి పెంచండి. ప్రతిసారీ పూర్తిగా వదలాలి. ఎనిమిది నుంచి పదిసార్లు, రోజుకు మూడు పూటలు. కాన్పు అయ్యాక ఒక పూటను పాలిచ్చే సమయానికి కలుపుకోండి, మర్చిపోరు. మూత్రానికి వెళ్లినప్పుడు మధ్యలో ఆపి ప్రాక్టీసు మాత్రం చేయకండి.

డాక్టరు సరేనంటే నడక మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క వారానికి 150 నిమిషాలు, అంటే ఐదు రోజులు అరగంట చొప్పున. నడుస్తూ మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టే. మా రాజమండ్రి ఎండల్లో అయితే తెల్లవారగానే ముగించమంటాను. మాయ కిందికి ఉన్నా, గర్భసంచి మూతికి కుట్టు వేసినా డాక్టరును అడగకుండా ఏదీ మొదలుపెట్టకండి.

సిజేరియన్ అయితే మొదటి రోజే, పడుకుని ఉండగానే పాదాలను పైకీ కిందికీ ఆడించండి. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి ఇది. లేచేటప్పుడు తిన్నగా లేవొద్దు. మోకాళ్లు ముడిచి పక్కకు తిరిగి, కాళ్లు మంచం కిందికి దించి, చేత్తో మంచాన్ని నొక్కుకుంటూ లేవాలి. దగ్గు వస్తే కుట్ల మీద దిండు అదుముకోండి. మూత్రం గొట్టం తీసి, మామూలుగా మూత్రం అవుతున్నాక కింది కండరాల వ్యాయామం మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఆరు వారాలు బిడ్డ కంటే బరువైంది ఎత్తకండి. నీళ్ల బిందె అసలే వద్దు.

పాత చీరతో నడుం కట్టడం గురించి అమ్మమ్మలతో నేను వాదించను. వదులుగా కడితే హాయిగానే ఉంటుంది. ఊపిరాడనంత బిగిస్తే ఆ ఒత్తిడి కిందికి, అసలే నీరసించిన కండరాల మీద పడుతుంది.

బిడ్డను ఎత్తుకునే ముందు, తుమ్ము వస్తుందనగా, ఒక్కసారి కింది కండరాలు బిగించండి. నాకు ముందుగా తేడా తెలిసింది దీనితోనే. ఓపిగ్గా మూడు నెలలు చేయండి. సరిగ్గా బిగుస్తోందో లేదో అనుమానముంటే మొదటి వారమే ఫిజియోథెరపిస్టుకు చూపించుకోండి.

గర్భంతో ఉండగా రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారినా, కళ్లు తిరిగినా వ్యాయామం ఆపేసి డాక్టరుకు ఫోన్ చేయండి. కాన్పుకు ముందైనా తర్వాతైనా ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెడుతుంటే నూనె రాసి మర్దన చేయించకండి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.