ఇంగ్లీషు వాక్యాన్ని తోక నుంచి పట్టుకోండి

ఆమదాలవలసలో మా మేడ మీద సాయంత్రం 6 నుంచి 7.30 వరకు పెద్దవాళ్ళకు ఇంగ్లీషు చెప్తాను. మందుల షాపు కుర్రాళ్ళు, ఆటో నడిపేవాళ్ళు, ఒకరిద్దరు గృహిణులు వస్తారు. మొదట్లో నేనూ అందరిలాగే బోర్డు నిండా 12 టెన్సుల పట్టిక గీసేవాణ్ణి. మూడో రోజుకి సగం చాపలు ఖాళీ.

ఇప్పుడు చెప్పే పద్ధతి పొందూరు నుంచి రైల్లో వచ్చే ఒకావిడ పుణ్యం. వాళ్ళింట్లో ఖాదీ నూలు వడుకుతారు. వాలుగ చేప దవడలో ఉండే సన్నటి పళ్ళతో పత్తిని దువ్వి శుభ్రం చేయడం అక్కడి పద్ధతి. చూడటానికి వచ్చే పై రాష్ట్రాల వాళ్ళకు ఆ సంగతి తనే చెప్పాలని ఆవిడ పంతం. ‘మేము చేప దవడతో పత్తి శుభ్రం చేస్తాం’ అంది. ‘వి క్లీన్ కాటన్ విత్ ఎ ఫిష్ జా’ అని బోర్డు మీద రాశాను. ఆవిడ కాసేపు తేరిపార చూసి, “ఏటి బాబూ, ఈళ్ళు ఎనక నుంచి మాటాడతారేటి?” అంది.

ఇరవై ఏళ్ళు చదువు చెప్పి నేను చూడనిది ఆవిడ చూసింది. ‘మేము’ని ముందు పెట్టేసి, మిగతాది చివరి నుంచి చదవండి. శుభ్రం చేస్తాం, క్లీన్. పత్తి, కాటన్. తో, విత్. చేప దవడ, ఫిష్ జా. అద్దంలో చూసినట్టే ఉంటుంది. ఇంకోటి చూడండి: ‘మా అన్నయ్య శనివారం పలాసలో జీడిపప్పు కొన్నాడు.’ అన్నయ్య తర్వాత తోక పట్టుకుంటే కొన్నాడు, జీడిపప్పు, లో, పలాస, శనివారం. ‘మై బ్రదర్ బాట్ క్యాషూస్ ఇన్ పలాస ఆన్ సాటర్డే.’ ఆ ‘ఆన్’ మాత్రం మన వాక్యంలో లేదు, వారాల పేర్ల ముందు అలవాటుగా చేర్చుకోవాలి. జంటగా ఉండే మాటలు తిరగబడవు. చేప దవడ ఫిష్ జానే, ఎర్ర చీర రెడ్ శారీనే.

తిప్పే ముందు ‘ఎవరు?’ అని అడగండి. మనం ‘రేపు వస్తాను’ అంటే సరిపోతుంది, ‘ను’లోనే నేను ఉన్నాను. ఇంగ్లీషులో ఆ ‘ఐ’ పలక్కపోతే కుదరదు. అలాగే ‘ఆయన మాస్టారు’ అన్నప్పుడు మనకు క్రియే లేదు, వాళ్ళకు ‘ఈజ్’ ఉండాలి: ‘హి ఈజ్ ఎ టీచర్.’ ‘నాకు’తో మొదలయ్యేవి కూడా జాగ్రత్త. నాకు ఆకలిగా ఉంది, ‘ఐ యామ్ హంగ్రీ’. నాకు ఇద్దరు అక్కలు, ‘ఐ హావ్ టూ సిస్టర్స్’. ఇక్కడ ‘హావింగ్’ అనకండి. మా బ్యాచ్‌లో ప్రతి ఒక్కరూ అంటారు.

‘వెళ్తాను’లో రెండు అర్థాలున్నాయి. ముందు ‘రోజూ’ పెట్టి చూడండి, తర్వాత ‘రేపు’ పెట్టండి. రోజూ అతికితే ‘ఐ గో’, రేపు అతికితే ‘ఐ విల్ గో’. టెన్సులకు మొదటి నెల ఇంతకన్నా అక్కర్లేదు.

‘డిడ్’ దగ్గర మాత్రం ఆగుతాను, నాకు దెబ్బ తగిలిన చోటు అది. ఓ ఉద్యోగం ఇంటర్వ్యూకి విశాఖ వెళ్ళాను, ఆలస్యం ఎందుకైందని అడిగారు. ‘ఐ డిడ్ నాట్ గాట్ ద ట్రైన్’ అన్నాను. బల్లకి అవతల ఇద్దరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తే. బస్సులో మన ఇద్దరికీ మీరే టికెట్ తీసేస్తే నేను మళ్ళీ తీయను కదా? జరిగిపోయిన కాలానికి ‘డిడ్’ టికెట్ తీసేసింది, ఇంక ‘గాట్’ ఎందుకు, ‘గెట్’ చాలు. ‘షి స్పిన్స్’లో చివరి ‘స్’ కూడా అంతే. ‘డజ్’ వస్తే ఆ ‘స్’ని అదే తీసుకుంటుంది: ‘షి డజ్ నాట్ స్పిన్.’

ముందు పెట్టాల్సింది ‘ఎ’నా, ‘యాన్’నా అని టెన్షన్ పడేవాళ్ళు తర్వాత వచ్చే మాటని తెలుగులో రాసుకోండి. అచ్చుతో మొదలైతే ‘యాన్’ (యాపిల్‌ని మాత్రం ఆపిల్ అనుకోండి). అవర్‌లో అ ఉంది, ‘యాన్ అవర్’. యూనివర్సిటీలో య ఉంది, ‘ఎ యూనివర్సిటీ’. ఇంగ్లీషు స్పెల్లింగు చూస్తే రెండూ తప్పుతారు.

రోజూ ఇంట్లో అన్న మాటలే అయిదు తీసుకుని తోక నుంచి తిప్పి, పైకి చదవండి. పొందూరావిడ రైల్లో తిప్పుకుంటూ వస్తుంది. మొన్న వచ్చీ రాగానే అడిగింది: “బాబూ, ‘వి’ అంటే మేమా, మనమా?”

“రెండూనమ్మా. వాళ్ళకి ఒకటే మాట.”

“అయితే ‘వి క్లీన్ కాటన్’ అంటే, ఆ వచ్చినాయన తనని కూడా దువ్వమంటన్నామనుకోడేటి?”