పాల సహకార సంఘం లాభంలోనే ఉంది, పాలు పోసేవాళ్లు ఎందుకు తగ్గుతున్నారు?

లక్షణం ఇలా ఉంటుంది. ఆడిట్‌లో లాభం వచ్చింది, లీటర్లు పడిపోలేదు, సర్వసభ్య సమావేశంలో ఎవరూ గొంతెత్తలేదు. కానీ పొద్దున పాల కేంద్రం దగ్గర లైను పలచబడుతోంది. హన్మకొండ, హుజూరాబాద్ వైపు సంఘాల్లో ఈ మాట చాలాసార్లు విన్నాను.

ముందు చూడాల్సింది ఒక్కటే: లీటర్లు కాదు, పాలు పోసే ఇళ్లు ఎన్ని? నలుగురు షెడ్లు వేసి బర్రెలు పెంచితే, ఒకటి రెండు బర్రెలున్న ఇళ్లు చాలా మానేసినా మొత్తం కదలదు. పోయిన నెలతో పోల్చకండి. ఎండాకాలం పాలు ఎలాగూ తగ్గుతాయి. నిరుటి ఇదే నెలతో పోల్చండి. రోజూ రాసే పుస్తకంలోనే ఉన్న ఈ అంకె చూడకుండా కన్సల్టెంట్‌ను పిలవడం నాకు బాధనిపిస్తుంది. ఆర్థిక ఫలితాలు ఒక్కటే చాలవు. సభ్యుడి కోణం, లోపలి పనితీరు, నేర్చుకోవడం కూడా చూడాలని మేనేజ్‌మెంట్ నిపుణులు కాప్లాన్, నార్టన్ 1992లోనే చెప్పారు. దాన్ని ముప్పై గడుల పట్టికగా మార్చి నింపుకుంటూ కూర్చుంటే పని కాదు.

ఇక ఇది పాలకవర్గం కంట పడకపోవడానికి అసలు కారణం. "సర్వే చేశాం, నూటికి తొంభై మంది బాగుందన్నారు" అంటారు. ఎవరిని అడిగారు? కేంద్రానికి వచ్చినవాళ్లని. మానేసినవాళ్లు అక్కడికి రారు కదా! నిరుడు 100 ఇళ్లు పోశాయనుకోండి, 40 ఆగిపోయాయి. మిగిలిన 60లో 54 ఇళ్లు బాగుందంటే కాగితం మీద 90 శాతం. నిరుటి వందలో చూస్తే 54 మాత్రమే. అసంతృప్తి ఉన్నవాళ్లు వెళ్లిపోయేకొద్దీ ఈ శాతం పెరుగుతుంది కూడా. సభ్యుల రిజిస్టరూ కాపాడదు. వాటాధనం వెనక్కి తీసుకోనంతవరకు సాధారణంగా పేరు అందులోనే ఉంటుంది, సంఖ్య తగ్గదు. రెండు కాగితాలూ బాగుందనే చెబుతాయి, పాలకవర్గం నిశ్చింతగా ఉంటుంది.

దీనికి చేయాల్సింది: నిరుటి పుస్తకం తీసి, ఈ ఏడాది కనిపించని పేర్లు విడిగా రాయండి. వాళ్ల ఇళ్లకు వెళ్లండి. వెన్న శాతం తీసే మనిషినో, కేంద్రం కార్యదర్శినో పంపొద్దు. వాళ్ల మొహం మీద ఎవరూ నిజం చెప్పరు. "సంతృప్తిగా ఉన్నారా?" అనే ప్రశ్న వద్దు. "అక్కా, పాలు పొయ్యుడు ఎందుకు బందు పెట్టిన్రు?" అనండి చాలు. బర్రె అమ్మేసినవాళ్లను, బర్రె ఉండి ప్రైవేటు బండికి పోస్తున్నవాళ్లను వేరు చేయండి. రెండో జాబితానే మీ పనితీరుకు కొలత. అక్కడ బిల్లు ఆలస్యమని వస్తే చెల్లింపు తేదీ మార్చండి. వెన్న శాతం మీద అనుమానమని వస్తే సభ్యుల ఎదుటే పరీక్ష చేసి, చీటీ చేతికివ్వండి. మూడు నెలల తర్వాత అదే పేర్లలో ఎన్ని తిరిగొచ్చాయో చూడండి.

1956లో పుట్టిన ముల్కనూరు రైతు సహకార సంఘంలా అప్పు, ఎరువులు, పంట అమ్మకం అన్నీ ఒకచోట నడిపేవాళ్లు ఒక్కో సేవకూ ఈ లెక్క విడిగా తీయాలి. అప్పు ఇక్కడ తీసుకుని వడ్లు బయట అమ్మే సభ్యుడు కలిపిన లెక్కలో దొరకడు.

వెన్న కొలిచే మిషన్ తప్పు చూపడం, దొంగ పేర్లతో పాలు రాయడం కూడా ఉండొచ్చు. పై జాబితా పట్టుకుని ఇళ్లు తిరిగాక కూడా కారణం తేలకపోతేనే వాటి జోలికి వెళ్లండి.